లచ్చి, ముత్యం, ఇన్‌స్పెక్టర్

నిజామాబాద్,
జనవరి చివరి ఆదివారం.

చెల్లె నందినికి,

ఈ కాలంలో ఉత్తరమేంది అని నవ్వుకుంటున్నావని తెలుసు. నవ్వుకో. ఫోన్ చేయడానికి వీల్లేదు, వాట్సాప్‌కు కూడా వీల్లేదు. ఎందుకో చెబుతాను.

పోయిన వారం స్వరూప వాళ్లింటికి వెళ్లాను. మా పాలిటెక్నిక్‌లో ఫిజిక్స్ చెప్పే అమ్మాయి అని పండుగకు వచ్చినప్పుడు నీ చెవిలో వేశాను కదా, ఆమే. వాళ్ల నాన్న ఎదురుగా కూర్చుని మర్యాదగా ఉప్మా తింటున్నాను. అప్పుడే రుక్మాబాయి పెద్దమ్మ ఫోన్. స్పీకర్ పెట్టనక్కర లేదు, ఆమె గొంతు గదంతా వినబడింది.

"ఏందిరా అంజన్ గిది! లైన్ చిట్టీలు వస్తలేవు! బండ్లన్నీ నిలబడ్డయి! పాలు ఇరుగుతయి, జల్దీ చూడు!"

ఏం చేయను? పాతబస్తీలో మన పాల సంఘానికి ఆమె అధ్యక్షురాలు. ఏ గల్లీలో ఏ ఇంటికి ఎన్ని లీటర్లో, పొద్దుటి పాలో సాయంత్రపు పాలో చెప్పే ఆ చిట్టీలు తీసేది నేను చదువుకునే రోజుల్లో రాసిన ప్రోగ్రాము. తొమ్మిదేళ్లుగా అది మొరాయించినప్పుడల్లా లేచి పరుగెత్తింది నేనే. ఆ రోజూ లేచాను. వాకిట్లో లాప్‌టాప్ తెరిచి, బాగుచేసి, మళ్లీ లోపలికి వచ్చేసరికి ఉప్మా గడ్డకట్టింది. వాళ్ల నాన్న పేపరు చదువుకుంటున్నారు. స్వరూప మాత్రం నవ్వుతూ నన్ను గేటు దాకా సాగనంపి, అక్కడ నవ్వు ఆపేసింది.

"వరంగల్ సంబంధం గిట్లనే పోయిందట గద? పూలుపండ్లు మార్చుకునే యాళ్లకు మీరు కార్ల కూసొని లాప్‌టాప్ చూస్తున్నరట?"

ఆ నిశ్చితార్థం సంగతి ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలుసు. అమ్మను అడుగు.

"చూడుండ్రి," అంది. "నాకు మీరు నచ్చిండ్రు. ఉగాది మరునాడు పూలుపండ్లు పెట్టుకుందాం. అప్పటిదాంక పాలసంఘం ఫోన్‌కు ఒక్కసారి లేచినా, నేను గూడ లేస్త. మీరు ఫోన్ దిక్కు, నేను మా ఇంటి దిక్కు."

ఉత్తరాలకు మాత్రం ఒప్పుకుంది. ఉత్తరం రాసేంత తీరిక ఉన్న సమస్య అసలు సమస్యే కాదట.

కాబట్టి ఉగాది దాటేదాకా ఆ ప్రోగ్రాము నీ చేతిలో పెడుతున్నాను. పెద్దమ్మకు నీ నంబరిచ్చాను. నీకు ఒక్కటే మాట చెబుతున్నా, నడుస్తున్నదాన్ని కదపకు. ఆగితే మళ్లీ మొదలుపెట్టు, అంతే.

నీ అన్న,
అంజన్

*

మొఘల్‌పురా,
ఫిబ్రవరి మొదటి వారం.

అన్నా,

వదిన నాకు చూడకముందే నచ్చింది. అమ్మ అయితే వరంగల్ సంగతి తాను చెప్పలేదని దేవుడి పటం ముందు నిలబడి ప్రమాణం చేసింది. దేవుడు కూడా నవ్వి ఉంటాడు.

నడుస్తున్నదాన్ని కదపకు అన్నావు. నేను కదపలేదు. చదివించాను.

మాదాపూర్‌లో మా ఆఫీసులో నా పనేంటో నువ్వెప్పుడూ అడగలేదు కనుక ఇప్పుడు చెబుతున్నాను. ప్రోగ్రాములను చదివే ప్రోగ్రాము ఒకటుంటుంది. అది దేన్నీ నడిపి చూడదు. రాసిన వరుసలన్నీ చదివి, రేపు ఇంకొకరు వచ్చి మార్చబోతే ఎక్కడ కాలు జారుతుందో గుర్తు పెడుతుంది. తప్పని తిట్టదు. నీ తర్వాత వచ్చేవాళ్లు ఇక్కడ ఏడుస్తారు అని చెబుతుంది, అంతే. అలాంటిదే ఉచితంగా దొరికేది ఒకటి తెచ్చి, ఆదివారం ఫలక్‌నుమా సంఘం ఆఫీసులో కూర్చుని నీ ప్రోగ్రాము మీదికి వదిలాను. దానికి ఇన్‌స్పెక్టర్ అని పేరు పెట్టాను.

ఇన్‌స్పెక్టర్ నీ ప్రోగ్రాము చదివి తెర నిండా ఎర్ర గుర్తులు పెట్టాడు. పక్కనే కూర్చున్న నగేష్ భయపడ్డాడు. "అక్కా, ఏందిది? సంఘం మీద కేస్ అయిందా?" అన్నాడు. తొమ్మిదేళ్లుగా ఆ కంప్యూటరు ముందు కూర్చుని చిట్టీలు ప్రింట్ తీస్తున్నాడు, ఒక్క రోజు కూడా లోపలికి తొంగిచూసే ధైర్యం చేయలేదట. "అంజనన్న ముట్టుకుంటే కొడతనన్నడు" అన్నాడు.

ఇక నీ నేరాలు విను. ప్రోగ్రాములో ఒక్కో పనికి ఒక్కో ఫంక్షను రాశావు కదా, వాటిలో పెద్దది ఒకటుంది, మన గల్లీలాగే ఉంది. ఒక 'అయితే'లోంచి ఇంకో 'అయితే'లోకి తిరుగుతూ పోతే ఎక్కడ తేలుతామో తెలియదు. ఇన్‌స్పెక్టర్ సగంలోనే, ఇది మనిషి తలకెక్కే పొడవు కాదని రాశాడు. రెండోది, రంజాన్ తేదీలు. రంజాన్ నెలలో ఉపవాసానికి ముందు తినే సహరీకి పాలు తెల్లవారక ముందే పోవాలి, సాయంత్రం లోడు రెట్టింపు కావాలి, పండుగ నాడు షీర్ ఖుర్మా పాయసానికి ఇంకా ఎక్కువ పోవాలి, అంతవరకు సరే. ఆ తేదీలను పదకొండు చోట్ల అంకెలుగా రాసి పెట్టావు. నెలవంక కనబడినా కనబడకపోయినా పదకొండు చోట్లా చేత్తో మార్చాలి. నెలవంక చూసే ప్రతి చాంద్‌రాత్ నువ్వెందుకు మాయమయ్యేవాడివో ఇప్పుడు తెలిసింది. ఏ చోటు మర్చిపోయినా ఆ లైనులో పండుగ పూట పాలు లేనట్లే.

మూడోది చదివి ఇన్‌స్పెక్టర్‌కు మతి పోయింది. ఫంక్షన్లకు ఈ పేర్లేమిటి అన్నా? ముత్యం, రాణి, షేరు, లచ్చి. పేరు చూస్తే పనేమిటో తెలియడం లేదని ఒక్కోదాని కింద రాశాడు. నాకూ తెలియలేదు. ఇవి జల్‌పల్లి దొడ్లో పెద్దమ్మ బర్రెల పేర్లు కాదా?

నీ చెల్లె,
నందిని

*

నిజామాబాద్,
ఫిబ్రవరి రెండో వారం.

నందినీ,

నీ ఇన్‌స్పెక్టర్‌కు ఒక గ్లాసు చల్ల ఇచ్చి ఇంటికి పంపు. తొమ్మిదేళ్లుగా పాతబస్తీ చాయ్‌లో పాలు ఉన్నాయంటే అది నేను రాసిన ఆ గల్లీ వల్లనే. నిన్న పుట్టిన యంత్రం వచ్చి వంకలు పెడుతుందా?

అవును, బర్రెల పేర్లే. నేను ఆ ప్రోగ్రామును ఏసీ గదిలో కూర్చుని రాయలేదు. ఇంట్లో నీ పరీక్షలు, కరెంటు కోత. జల్‌పల్లిలో పెద్దమ్మ దొడ్డిలో గడ్డిమోపు మీద కూర్చుని రాశాను. ఒక పక్క బర్రెలు తోకలతో కొడుతుంటే ఇంకో పక్క పెద్దమ్మ, "రాస్తున్నవా, ఆడుకుంటున్నవా?" అని అడిగేది. ఎదురుగా ఎవరు కనబడితే వాళ్ల పేరు పెట్టాను. ముత్యం రోజూ తప్పకుండా పాలిస్తుంది, కాబట్టి రోజువారీ ఇళ్ల లెక్క దాని పేరు మీద. రాణి మనసైతే ఇస్తుంది లేకపోతే లేదు, ఊరికి పోతున్నాం పాలు ఆపండి అనేవాళ్లంతా దాని కింద. షేరు దున్నపోతు, ఎక్కడపడితే అక్కడ దూరుతాడు, ప్రింటరు పని వాడిది. లచ్చి సంగతి వేరు, అది మరో ఉత్తరంలో రాస్తాను, ఇప్పుడు క్లాసుకు టైమైంది.

ఇప్పుడు ఏ పనికీ ఎవరూ పిలవని ఫంక్షను కూడా ఒకటుంది, అదీ ఇన్‌స్పెక్టర్ కంట పడే ఉంటుంది. శాలిబండలో మూతపడిన ఆ చాయ్ హోటలుకు రాసిందది. ఆ సేటు నాకు డబ్బు అడక్కుండా చాయ్ పోసేవాడు. దాన్ని తీసేయకు. హోటలే లేదని నాకూ తెలుసు, అయినా తీసేయకు.

స్వరూప రోజూ అడుగుతోంది, "ఫోన్ వచ్చిందా?" అని. రాలేదు. నువ్వు పెద్దమ్మను ఎలా ఆపావో గానీ ఒక్కసారి కూడా రాలేదు. బానే ఉంది. చాలా బానే ఉంది. స్టాఫ్‌రూములో ఫోన్ బల్ల మీద పెట్టుకుని కూర్చుంటున్నాను, అది ఊరికే నన్ను చూస్తోంది.

నీ అన్న

*

మొఘల్‌పురా,
రంజాన్ మొదలైన వారం.

అన్నా,

ముందు నా తప్పు చెబుతాను, తర్వాత నీది.

ముత్యం, లచ్చి రెండూ దాదాపు ఒకటే, ఒకదాన్ని చూసి ఇంకోటి దించారు, కలిపేయండి అని ఇన్‌స్పెక్టర్ రాశాడు. పక్కపక్కన పెట్టి చూశాను, నిజమే. లచ్చి కూడా ఇంకో బర్రె అనుకుని రెండింటినీ కలిపేశాను. మర్నాడు పొద్దున పేపరు కోసం తలుపు తీసేసరికి మన గుడి శ్రీపాద పంతులుగారు పాల క్యాను పట్టుకుని మన వాకిట్లో నిలబడి ఉన్నారు.

"ఏమ్మా నందిని," అన్నారు మెల్లగా, "స్వామికి ఇన్నేండ్లు ఆవుపాలతోని అభిషేకం చేసినం. ఇయ్యాల మీ సంఘం బర్రెపాలు పంపింది. స్వామి ఏమనలేదు గని, నేను చెయ్యి ఆపిన."

బర్రెల మంద మధ్యలో లచ్చి ఒక్కతే ఆవు అని నాకెవరు చెప్పారు? గుడులకు పోయే ఆవుపాల లెక్క దాని పేరు మీద ఉందని ఎక్కడ రాశావు? పేడ వాసనకు భయపడి నేను ఎన్నడూ ఆ దొడ్డికి రాలేదు, ఒప్పుకుంటాను. కానీ సంఘం ప్రోగ్రాము అర్థం కావాలంటే దొడ్డికి వచ్చి ఎవరు ఆవో ఎవరు బర్రెనో చూసుకోవాలా? అమ్మ పంతులుగారికి రెండు చేతులా దండం పెట్టి, పక్కవీధిలో ఆవుపాలు తెచ్చి ఇచ్చింది. నాకు ఆ పూట టిఫిన్ పెట్టలేదు.

ఇన్‌స్పెక్టర్‌ది తప్పని నేను అనను. రెండూ ఒకేలా ఉన్నాయని చెప్పడం వరకే వాడి పని. ఎందుకు వేరుగా ఉన్నాయో కనుక్కోవడం నా పని, నేను చేయలేదు. ఆ ఎందుకును అక్కడే ఒక వరుసలో రాసి పెట్టడం నీ పని.

ఇప్పుడు నీ తప్పు. ఆ సాయంత్రం సరిచేద్దామని తెరిచేసరికి ఎవరో అప్పటికే సరిచేసి పెట్టారు. పాత లచ్చిని మొత్తం తెచ్చి మళ్లీ అతికించారు. నేను తగ్గించిన ఎర్ర గుర్తులు మళ్లీ లేచాయి. మార్చిందెవరని చూస్తే నగేష్ పేరుంది. అడిగితే వాడు ఏడుపు ఒక్కటే తక్కువ. "అక్కా, నాకు ప్రింట్ బటన్ తప్ప ఏం తెల్వదు, మా అమ్మ మీద ఒట్టు" అన్నాడు. కొత్తగా రాసిన వరుసలో పేరు చూశాను. బంగారి. అది పెద్దమ్మ దసరాకు కొన్న బర్రె. నగేష్ తన సొంత బిడ్డకు పేరు పెట్టడానికే ఆరు నెలలు తీసుకున్నాడు, వాడు బర్రె పేరు పెడతాడా?

నగేష్ పేరు మీద దొంగదారి పెట్టుకుని నిజామాబాద్ నుంచి లోపలికి వస్తున్నావు కదూ? ఇన్‌స్పెక్టర్ రోజూ పొద్దున మళ్లీ చదువుతాడని తెలియదు పాపం నీకు. పాత రిపోర్టులు తీసి చూశాను, ఇది మొదటిసారి కూడా కాదు.

వదినకు నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?

నందిని

*

నిజామాబాద్,
ఫిబ్రవరి నెలాఖరు.

నందినీ,

నువ్వు చెప్పనక్కర లేదు. ఆమె చూసింది.

పంతులుగారే నాకు ఫోన్ చేశారు. ఆయన పాలసంఘం మనిషి కాదు కదా అని ఎత్తాను. చూశావా నా తెలివి. లాబ్‌లో ఎవరూ లేరనుకుని లచ్చిని అతికిస్తుంటే వెనక నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. అరుస్తుందనుకున్నాను. పక్క స్టూలు మీద కూర్చుని నెమ్మదిగా అంది.

"ఇన్ని రోజులు ఆళ్లు మిమ్ముల వదుల్తలేరనుకున్న. ఆళ్లు పిలుస్తనే లేరు. మీరే పోతున్నరు."

నేను ఏదో చెప్పబోయాను, పండుగ నెల, గుడి, పెద్దమ్మ అని. ఆమె వినలేదు. "పూలుపండ్లకు నేనొస్త. మీరొస్తరా లేదా మీరే చూసుకోండ్రి" అని లేచి వెళ్లిపోయింది. మూడు రోజులుగా స్టాఫ్‌రూములో నమస్తే తప్ప ఇంకో మాట లేదు.

దాచడానికేముంది, నీకు చెబుతాను. ఫోన్ మోగకపోతే నాకు బాధగా ఉంది నందినీ. ఎంత తిట్టుకుంటూ లేచినా, లేచిన ప్రతిసారీ ఒక సంతోషం ఉండేది, నేను లేకపోతే పాతబస్తీకి పాలు లేవు అని. నీ ఇన్‌స్పెక్టర్ గుర్తు పెట్టిన ప్రతి చోటా నాకు కోపం ఎందుకొచ్చిందంటే, ఎవరికైనా అర్థమయ్యేలా రాస్తే ఇక నన్నెవరు పిలుస్తారు?

కానీ స్వరూప లేచి వెళ్లిపోతే, ఇక ఎవరు పిలిచినా నాకు వినబడదు.

అందుకని ఒక పని చెయ్. నా దారులన్నీ మూసెయ్. నగేష్ పేరు మీద ఒకటి, నా పేరు మీద ఒకటి, మన బాపు పేరు మీద ఇంకోటి ఉంది, అది నీకు దొరకలేదు. పాస్‌వర్డులన్నీ మార్చి నాకు చెప్పకు. నేను అడిగినా చెప్పకు. పేర్లు మార్చు. గల్లీని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు తలుపు పెట్టు. చాయ్ హోటలును కూడా తీసెయ్. సేటు ఇప్పుడు ఎక్కడున్నాడో కనుక్కుని నేనే వెళ్లి కలుస్తాను.

నీ అన్న

*

మొఘల్‌పురా,
మార్చి మొదటి వారం.

అన్నా,

మూసేశాను. బాపు పేరు మీద దారి చూసి బాపే ఆశ్చర్యపోయాడు, "నాకు ఈమెయిలే లేదు గదనే, గిదేంది?" అని. మూసేటప్పుడు నా చెయ్యి ఒక్క నిమిషం ఆగింది, అది కూడా చెబుతున్నాను. చిన్నప్పుడు నీ గది తలుపు బయటినుంచి గడియ పెట్టి పారిపోయేదాన్ని, అప్పుడు నవ్వొచ్చేది. ఈసారి రాలేదు.

ఇక్కడ పని మస్తు జోరుగా ఉంది. ఇప్పుడు ఏది మార్చినా ముందు పాత ప్రోగ్రాముతో ఒక చిట్టీ, కొత్తదాంతో ఒక చిట్టీ తీసి పక్కపక్కన పెడుతున్నాం. రెండూ అక్షరం పొల్లు పోకుండా కలిస్తేనే ముందుకు. పంతులుగారి క్యాను మళ్లీ మన వాకిట్లో కనబడకూడదు. లచ్చి ఇప్పుడు 'గుడికి ఆవుపాలు' అయింది, పైన కారణం కూడా రాశాను. రంజాన్ తేదీ పదకొండు చోట్ల నుంచి ఒక్క చోటికి వచ్చింది. నగేష్‌ను కూర్చోబెట్టి చదివించాను. మొదట భయపడ్డాడు, తర్వాత బిగ్గరగా చదివాడు. "నెలవంక కనబడితే పండుగ రేపు, కనబడకపోతే ఎల్లుండి. అక్కా, గిది నాక్కూడ సమజైతున్నది!" అని ఆఫీసంతా వినబడేలా అరిచాడు.

పెద్దమ్మతోనే లొల్లి అయింది. పేర్లు మారుస్తున్నామని తెలిసి గడ్డిబండి మీద వచ్చి దిగింది. "నా బర్రెల పేర్లు తీసేసినవా? పాలిచ్చేది అవ్వి, పేర్లు మీవా?" అని నిలదీసింది. చివరికి ముత్యాన్ని అలాగే ఉంచాను. 'ఇది పెద్దమ్మ బర్రె, రోజువారీ పాలు దీనివి, ఈ పేరు మీద ఏమీ అనవద్దు' అని ఇన్‌స్పెక్టర్‌కు ఒక వరుస రాసి పెట్టాను. వాడు ఆ వరుస దగ్గర గమ్మున పోతున్నాడు. అలా చెప్పే వీలు కూడా ఉంటుంది వాడికి, మరీ అంత కఠినుడు కాడు.

ఇప్పుడు అసలు సంగతి. పంచాంగం చూశావా? ఉగాది మరునాడు విదియ. ఆ సాయంత్రమే ఇక్కడ నెలవంక చూసేది. అంటే నువ్వు పూలుపండ్ల పీట మీద కూర్చునే వేళకే మన ఫలక్‌నుమాలో అందరూ మిద్దెలెక్కి ఆకాశం చూస్తుంటారు. ఏడాది మొత్తంలో చిట్టీలు తలకిందులయ్యే సాయంత్రం అదొక్కటే. ముహూర్తం మార్చమని అమ్మను అడిగితే, "చంద్రుడు ఒక్కడే, ఆయన చూసుకుంటడు" అంది.

నేను ఆగిపోదామా అనుకున్నాను. నగేష్ వద్దన్నాడు. "నువ్వు గూడ పో అక్కా. నువ్వుంటే నేను నిన్నే అడుగుత" అన్నాడు. పెద్దమ్మ పండుగ లోడు విడిచి రానంది, వాళ్లిద్దరూ చూసుకుంటారు. మేం నిజామాబాద్‌లో దిగగానే నీ ఫోన్ నా హ్యాండ్‌బ్యాగులో వేయాలి. ఇది నీకు ఆజ్ఞ.

వదిన మాట్లాడుతోందా?

నందిని

*

నిజామాబాద్,
పూలుపండ్లు అయిన మూడో రోజు.

నందినీ,

మీరంతా కాచిగూడ రైలెక్కి పోయాక ఇల్లు బోసిగా ఉంది. అమ్మ వదిలిపోయిన భక్ష్యాలే పొద్దున, మధ్యాహ్నం తింటున్నాను. స్వరూప కూడా రెండు తీసుకుంది, నెయ్యి తక్కువైందని చెప్పి మూడోది కూడా తీసుకుంది. వదిన మాట్లాడుతోందా అన్న నీ ప్రశ్నకు ఇదే జవాబు. నా దారులు మూసేశానని నువ్వు రాసిన ఉత్తరం ఆమెకు చూపించిన రోజే మాట్లాడింది.

అందరి ముందూ అడగలేకపోయాను, ఇప్పుడు అడుగుతున్నాను. స్వరూప చేతిలో తాంబూలం పెట్టే వేళకు హాలు ఆ చివర నీ హ్యాండ్‌బ్యాగులో నా ఫోన్ మోగింది. ఆ పాత ట్రింగ్ ట్రింగ్. వద్దనుకున్నాను. నిజంగా వద్దనుకున్నాను. కానీ కాళ్లు తొమ్మిదేళ్ల అలవాటు కొద్దీ వాటంతటవే లేచాయి. సగం లేచి పక్కకు చూస్తే స్వరూప కూడా సగం లేచి ఉంది. ఆమె కళ్లలో కోపం లేదు, భయం ఉంది. నేనింత భయపెడుతున్నానా అనిపించింది. అప్పుడే పంతులు, "ఇంకా లేవొద్దు, అక్షింతలు కాలేదు, కూసోండ్రి కూసోండ్రి" అన్నాడు. ఇద్దరం ఒకేసారి కూర్చున్నాం. మా ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఫోటోల్లో చూడు, అందులో మేం ఎందుకు నవ్వుతున్నామో ఎవరికీ తెలియదు.

కూర్చున్నాక ఇంకో రింగు దాకా విన్నాను. తర్వాత వినడం మానేశాను.

నువ్వేమో క్యాటరింగ్ వాళ్లని చెప్పావు. క్యాటరింగ్ వాళ్లు హాల్లోనే మన ముందు పెరుగు గిన్నెలు సర్దుతున్నారు నందినీ. అబద్ధం చెప్పినా కాస్త చూసి చెప్పాలి. ఎవరు చేశారు? ఏం ఖరాబైంది? ఇప్పుడు తెలిసినా నేను లేవను, చెప్పు.

నీ అన్న

*

మొఘల్‌పురా,
ఏప్రిల్ మొదటి వారం.

అన్నా,

క్యాటరింగ్ వాళ్లు కాదు. పెద్దమ్మ.

బ్యాగులోంచి ఫోన్ తీసి ఆ పేరు చూశాను. అందరి ముందు మీరిద్దరూ పీట మీద కూర్చుని ఉన్నారు, పండుగ చిట్టీలన్నీ పోయి ఉంటాయి, ఆ పదకొండు చోట్లలో నేను ఒకటి వదిలేసి ఉంటాను అనుకున్నాను. కానీ నువ్వు లేవబోతున్నావు. ఇక ఆలోచించలేదు, కట్ చేసి ఫోనే ఆపేశాను. ఆ తర్వాత భోజనం దగ్గర ఏం తిన్నానో తెలియదు. బాపు రెండుసార్లు అడిగాడు, "ఏమైందే, పిల్ల నచ్చలేదా?" అని.

మర్నాడు రైలెక్కాక ధైర్యం తెచ్చుకుని నగేష్‌కు ఫోన్ చేశాను. వాడు పండుగ అలసటలో నవ్వుతున్నాడు. నెలవంక కనబడిందట. శంషీర్‌గంజ్ వైపు నుంచి పటాకులు వినబడగానే, సంఘం మిద్దె మీదున్న మన డ్రైవర్ హాజీ, "చాంద్ దిఖ్ గయా, నగేష్ భాయ్!" అని అరిచాడట. నగేష్ కిందికి దిగి, ఆ ఒక్క వరుస మార్చి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూసి, చిట్టీలు తీశాడు. ఇన్‌స్పెక్టర్ ఒక్క మాట అనలేదు. అన్ని లైన్ల బండ్లూ వేళకు పోయాయి. మొఘల్‌పురాలో ఒక్క ఇంట్లో కూడా షీర్ ఖుర్మా ఆగలేదు.

"మరి పెద్దమ్మ అంజనన్నకు ఫోన్ ఎందుకు చేసింది?" అని అడిగాను. "తెల్వదక్కా, బయటికి పోయి చేసింది" అన్నాడు.

ఇంటికి రాగానే పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. ఈసారి దొడ్డికే వెళ్లాను, ముక్కు మూసుకోకుండా. నన్ను చూడగానే లేచింది. "ఏందే మీరు! మంచి మాట చెప్దామని చేస్తే కట్ చేస్తరా? అన్ని చిట్టీలొచ్చినయి, నీ పని ఏం లేదు, పెండ్లిపిల్లకు నా దీవెన అని చెప్పు, ఇగ నిన్ను సతాయించ బిడ్డా అని చెప్దామని చేసిన. పోరడు ఎత్తనే లేదు!" అంటూ పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. చెమటే అంది. బర్రె పక్కన నిలబడితే చెమట పడుతుందని నేనూ ఒప్పుకున్నాను.

తొమ్మిదేళ్లలో ఆమె ఏదీ చెడిపోకుండా నీకు చేసిన ఫోన్ అదొక్కటే అన్నా. దాన్ని నేను కట్ చేశాను. చేసింది తప్పని అనుకోను, ఆ పూట మళ్లీ మోగినా మళ్లీ కట్ చేస్తాను. కానీ ఇప్పుడు షరతు అయిపోయింది. వదినను అడిగి, ఒక్కసారి నువ్వే చెయ్.

నీ చెల్లె

*

నిజామాబాద్,
ఏప్రిల్ రెండో వారం.

నందినీ,

స్వరూపను అడగక ముందే నీ ఉత్తరం ఆమె చేతికిచ్చాను. చదివి నా ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. "నేను బయట ఉంటా" అని లేవబోతే, కూర్చోమన్నాను. కూర్చుంది.

పెద్దమ్మ మొదటి రింగుకే ఎత్తింది. "హలో" లేదు, ఏం లేదు.

"ఏం ఖరాబైందిరా?"

"ఏం కాలే పెద్దమ్మా."

"మరి చిట్టీలు? నగేష్‌గాడు ఏమన్న చేసిండా?"

"ఏం చెయ్యలే. ఊరికే చేసిన."

"ఊరికేనా?"

"ఊరికేనే. నువ్వెట్లున్నవని."

అటువైపు గడ్డి నములుతున్న చప్పుడు, ఎవరో బకెట్ దించిన చప్పుడు వినబడ్డాయి. ఇన్నేళ్లూ ఆమె నాతో నిలబడే మాట్లాడింది, చేతిలో తాడో చిట్టీయో పట్టుకుని, అవతల బండ్లు ఆగి ఉండగా.

"ఆగు బిడ్డా," అంది చివరికి. "కూసుంట."

కూర్చుంది. ముత్యం ఈనిందట, పెయ్యదూడట, దానికి పేరు నన్నే పెట్టమంది. ఇంకా చాలా చెప్పింది. మధ్యలో స్వరూప చాయ్ పెట్టి తెచ్చింది, నాకు చల్లారకముందే తాగే వీలు దొరికింది.

నీ అన్న,
అంజన్